తండ్రి పేరు గడిలో గీత

బడులు తెరిచే జూన్ నెల వచ్చిందంటే ప్రతి ఇంట్లోనూ ఒక దరఖాస్తు ఫారం కనిపిస్తుంది. పైన పిల్లవాడి పేరు, దాని కింద తండ్రి పేరు. మన మదర్సా రిజిస్టర్లలో అయితే నామ్, వల్దియత్, సుకూనత్ అని వరుసగా గడులుంటాయి. నిజాం కాలం నాటి ఉర్దూ దస్తావేజులు తిరగేసిన వారికి తెలుసు, ఏ మనిషి ప్రస్తావన వచ్చినా ‘ఫలానా వల్ద్ ఫలానా’ అనే రాసేవారు. చాలామందికి ఆ గడి నింపడం క్షణంలో పని. కొందరు తల్లులు మాత్రం అక్కడికి వచ్చేసరికి కలం ఆపేస్తారు. గుమాస్తా తలెత్తి చూస్తాడు. వెనక వరుసలో నిలబడ్డవారు మెడలు చాచి చూస్తారు. తల్లి చెయ్యి పట్టుకుని నిలబడ్డ ఆరేళ్ల పిల్లకు సంగతి ఏమీ అర్థం కాదు గాని, ఏదో తప్పు జరిగిందని మాత్రం తెలుస్తుంది.

పెళ్లి కాని తల్లికి పుట్టిన బిడ్డను ప్రభుత్వాలు పూర్వం తమ రిజిస్టర్లలో ఎలా రాసుకున్నాయి? ఇది శుక్రవారం పూట మాట్లాడవలసిన విషయమేనా అని కొందరు పెద్దలకు అనిపించవచ్చు. నికాహ్ లేని సంబంధం ఘోర పాపం. అందులో రెండో మాట లేదు. కానీ ఆ పాపం చేసినవారు వేరు, దాని వల్ల పుట్టినవారు వేరు. చేసినవారి మీద వేయలేని శిక్షను పుట్టినవారి కాగితం మీద వేయడం ఎలా మొదలైందో, ఎలా సాగిందో తెలుసుకుంటే, మన చేతిలో ఉన్న రిజిస్టర్లను మనం ఎలా నింపాలో కొంత తెలుస్తుంది. ఇందుకు మేము ఇంగ్లండు చరిత్రను ఎంచుకున్నాం. మన కచేరీల్లో జనన మరణాలు రాసుకునే పద్ధతి తెల్లవారి పాలనలో వచ్చినదే కదా!

ఇంగ్లండులో ఎనిమిదవ హెన్రీ రాజుకు మంత్రిగా ఉన్న థామస్ క్రాంవెల్ 1538లో ఒక ఆజ్ఞ జారీ చేశాడు. ప్రతి చర్చిలోనూ బాప్టిజాలు, పెళ్లిళ్లు, ఖననాలు ఒక పుస్తకంలో రాయాలని. జననం రాయాలని కాదు, బాప్టిజం రాయాలని. రాసేది పాదిరీ గారో, ఆయన కింద గుమాస్తానో. గడులు లేవు, అచ్చు ఫారాలు లేవు. పెళ్లి కాని తల్లి బిడ్డను తీసుకొస్తే ఆ కలం తనకు తోచినట్లు రాసేది. కొందరు లాటిన్ లో ‘ఎవరి కొడుకూ కాడు’ అన్న అర్థం వచ్చే మాట రాశారు. కొందరు ‘జనం కొడుకు’ అని రాశారు. మరికొందరు ‘నీచంగా పుట్టినవాడు’ అని ఇంగ్లీషులోనే రాసి ఊరుకున్నారు. తండ్రి అని ఊళ్లో అనుకునే వాడి పేరును పక్కన చేర్చినవారూ ఉన్నారు. బిడ్డ నెత్తి మీద దైవనామం పలుకుతూ నీళ్లు చల్లిన చేతులతోనే వాడి పేరు పక్కన ఈ మాటలు రాయడం చూస్తే మనసు చివుక్కుమంటుంది. వాటిలో చాలా పుస్తకాలు ఈనాటికీ భద్రంగా ఉన్నాయి.

అయితే ఇదంతా కేవలం నీతి కోసమే జరిగిందనుకుంటే పొరపాటు. అసలు సంగతి డబ్బు. ఆ రోజుల్లో ఇంగ్లండులో ఏ ఊరి చర్చి పరిధిలోని పేదలను ఆ ఊరివారే పన్ను వేసుకుని పోషించాలి. తండ్రి లేని బిడ్డ పుట్టిందంటే ఊరి మీద భారం పడ్డట్టే. అందుకే 1576లో ఒక చట్టం వచ్చింది. ఇద్దరు న్యాయాధికారులు విచారించి, తల్లి గాని తండ్రి గాని వారానికి ఇంత చొప్పున కట్టాలని ఉత్తర్వు వేయవచ్చు. 1610 చట్టం అలాంటి తల్లిని ఏడాది పాటు శిక్షాగృహానికి పంపమంది. 1733 చట్టం ప్రకారం గర్భవతి ప్రమాణం చేసి ఒకడి పేరు చెబితే, ఊరికి నష్టం రాకుండా చూస్తానని అతడు పూచీకత్తు రాసి ఇవ్వాలి, లేదా జైలుకు పోవాలి. పురిటి నొప్పులు పడుతున్న స్త్రీని తండ్రి పేరు చెప్పమని మంత్రసానులు ఒత్తిడి చేసేవారు. నొప్పుల్లో ఉన్న మనిషి అబద్ధం చెప్పదని వారి నమ్మకం!

ఇంకో సంగతి విన్నారా? అలాంటి బిడ్డ ఏ ఊళ్లో పుడితే ఆ ఊరి లెక్కలోకి వచ్చేది. కాబట్టి నెలలు నిండిన నిరుపేద స్త్రీని తమ పొలిమేర దాటించి పక్క ఊళ్లో కనేలా చేస్తే తమకు ఖర్చు తప్పుతుందని ఊరి అధికారులు చూసేవారు. చర్చి పుస్తకంలో ఒక మాట రాయాలా వద్దా అన్నది అలా లెక్కల పుస్తకంతో ముడిపడింది.

1834లో పేదల చట్టాన్ని మార్చినప్పుడు గాలి పూర్తిగా మరోవైపు తిరిగింది. పదహారేళ్లు వచ్చేదాకా బిడ్డ భారమంతా తల్లిదే అన్నారు. తండ్రుల మీద ఉత్తర్వులు సులభంగా దొరుకుతున్నందునే ఆడవాళ్లు హద్దు మీరుతున్నారని, ఆ ఆసరా తీసేస్తే బుద్ధిగా ఉంటారని ఆ చట్టం చేసినవారి వాదన. పదేళ్లు తిరగకుండానే 1844లో మళ్లీ సవరించవలసి వచ్చింది. తల్లి స్వయంగా కోర్టుకెక్కి భత్యం అడగవచ్చునన్నారు, అదీ తన మాటకు వేరే సాక్ష్యం తోడుంటేనే. 1872లో ఆ భత్యం గరిష్ఠంగా వారానికి అయిదు షిల్లింగులయింది. పనికి పోవలసిన తల్లులు బిడ్డలను డబ్బిచ్చి ఇతరుల ఇళ్లలో పెంపకానికి పెట్టేవారు. ఆ పెంపకం పేరుతో పసికందులను చంపిన అమీలియా డయర్ అనే స్త్రీని 1896లో ఉరితీశారు. అలాంటి ఇళ్ల మీద అదుపు కోసం 1872లోనే ప్రత్యేక చట్టం చేశారంటే అప్పటికే పరిస్థితి ఎంత దిగజారిందో ఊహించవచ్చు. తల్లిని అవమానించి, ఆకలికి మాడ్చి సమాజాన్ని బాగుచేద్దామన్న ప్రయోగం అక్కడ తరాల పాటు జరిగింది. బిడ్డలు పుట్టడం ఆగలేదు. పుట్టినవారు బతకడమే కష్టమైంది.

ఇక ప్రభుత్వ రిజిస్టరు సంగతికి వద్దాం. 1837 జూలై 1 నుంచి ఇంగ్లండు, వేల్స్ లలో జననాలను చర్చి ప్రమేయం లేకుండా సర్కారే నమోదు చేయడం మొదలుపెట్టింది. ఇక్కడ అచ్చు ఫారం వచ్చింది. ఎప్పుడు, ఎక్కడ పుట్టినది, పేరు, ఆడా మగా, తండ్రి పేరు, తల్లి పేరు, ఆమె పుట్టింటి పేరు, తండ్రి వృత్తి, సమాచారం ఇచ్చినవారి సంతకం, ఇలా గడులు. పాదిరీ గారి తిట్లకు ఇక్కడ చోటు లేకపోయింది. అంతవరకు అది మేలే. పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డ తండ్రి పేరు నమోదు చేయడం తప్పనిసరి కాదని ఆ చట్టంలోనే ఉంది. మొదటి సంవత్సరాల్లో కొందరు రిజిస్ట్రార్లు తల్లి చెప్పిన పేరు రాసేశారు, కొందరు రాయలేదు. 1850లో దీనిపై స్పష్టమైన ఆదేశం వెళ్లింది. తండ్రి అని చెప్పుకునేవాడిని తండ్రి హోదాలో సంతకం చేయనివ్వకూడదని. 1874 చట్టం 1875 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. తల్లి, తండ్రి ఇద్దరూ కలిసి వచ్చి, ఇద్దరూ అడిగి, ఇద్దరూ సంతకం పెడితేనే తండ్రి పేరు ఎక్కించాలని అది చెప్పింది. నమోదు చేయకపోతే జరిమానా అన్నదీ అప్పుడే గట్టిపడింది. దాచుకునే దారి లేదు, చెప్పుకునే దారీ లేదు.

మగవాడు రాకపోతే? రిజిస్ట్రారు తండ్రి పేరు గడిలో ఒక అడ్డగీత గీసేవాడు. తండ్రి వృత్తి గడిలో ఇంకో గీత. అక్కడ ‘అక్రమం’ అన్న మాట ఎక్కడా ఉండదు. కానీ ఆ రెండు గీతలను చదవడం తెలియని గుమాస్తా గాని, యజమాని గాని ఆ దేశంలో ఉండేవాడు కాదు. స్కాట్లండులో 1855లో మొదలైన రిజిస్టరు ఇంకా మొహమాటం లేనిది. బిడ్డ పేరు కిందనే ‘అక్రమ సంతానం’ అని అక్షరాలా రాసేవారు. 1919 దాకా ఆ ఆచారం సాగింది. అయితే అక్కడ కోర్టు ఫలానా వాడే తండ్రి అని తేలిస్తే, ఆ సంగతిని సవరణల రిజిస్టరులో విడిగా రాసేవారు. మాట రాయడం ఎక్కువ క్రూరమా, గీత గీయడం ఎక్కువ క్రూరమా అని అడిగితే మేము తేల్చి చెప్పలేం. మాట కనీసం ఒకచోట ఆగుతుంది. గీతను చూసినవాడు తన ఇష్టం వచ్చిన మాటతో దాన్ని నింపుకుంటాడు.

ఆ గీత ఆ ఒక్క కాగితంతో పోయేది కాదు. ఇంగ్లండులో 1837 నుంచి పెళ్లి రిజిస్టరులో వధువు తండ్రి, వరుడి తండ్రి పేర్లు మాత్రమే అడిగేవారు. తల్లి పేరుకు గడే లేదు. బిడ్డగా ఉన్నప్పుడు పడిన గీత ఇరవై ఏళ్ల తరువాత పెళ్లినాడు బంధువులందరి ఎదుట మళ్లీ పడేది. తల్లుల పేర్లకు అక్కడ చోటు దొరికింది ఎప్పుడనుకున్నారు? 2021 మే 4న! ఆ అవమానం భరించలేక కొందరు పెళ్లి పుస్తకంలో చనిపోయిన తాతనే తండ్రిగా రాయించేవారు, కొందరు లేని పేరు పుట్టించేవారు. ఇళ్లలోనూ అంతే. అమ్మమ్మ తన కూతురి బిడ్డను తన బిడ్డగా చెప్పి పెంచేది. తల్లి అక్కగా మారేది. పరువు కాపాడటానికి రాసిన అబద్ధం తరువాతి తరాలను తప్పుదారి పట్టించేది.

ఆస్తి విషయంలో ఇంగ్లీషు చట్టం ఇంకా కఠినం. ‘ఎవరి కొడుకూ కాడు’ అన్న లాటిన్ మాటను వారు నిజంగానే అమలు చేశారు. తండ్రి ఆస్తి సంగతి అటుంచండి, వీలునామా రాయకుండా చనిపోతే కన్నతల్లి ఆస్తిలో కూడా ఆ బిడ్డకు హక్కు లేదు. తల్లిదండ్రులు తరువాత పెళ్లి చేసుకున్నా ఫలితం లేదు. 1236లో మెర్టన్ లో సమావేశమైన ప్రభువులు ఆ సవరణకు ఒప్పుకోలేదు. అది మారేసరికి 1926 వచ్చింది. అంటే దాదాపు 690 ఏళ్లు! 1926 చట్టం ప్రకారం తల్లిదండ్రులు తరువాత పెళ్లాడితే బిడ్డకు హక్కులు వస్తాయి, జననాన్ని మళ్లీ నమోదు చేయించుకోవచ్చు. వేరే సక్రమ సంతానం లేకపోతే తల్లి ఆస్తీ వస్తుంది. బిడ్డ పుట్టిన నాటికి తల్లిదండ్రుల్లో ఎవరికైనా వేరే పెళ్లి ఉంటే మాత్రం ఆ మేలు వర్తించదు. ఆ షరతు పోవడానికి 1959 దాకా ఆగవలసి వచ్చింది.

ఇక్కడ మన ఫిఖ్హ్ సంగతి ఒకటి చెప్పక తప్పదు. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం నికాహ్ లేకుండా పుట్టిన బిడ్డ నసబ్ తల్లితో స్థిరంగా ఉంటుంది. ఆ బిడ్డ తల్లికీ, తల్లివైపు బంధువులకూ వారసుడు, వారూ ఆ బిడ్డకు వారసులు. ఇంగ్లండులో 1926 దాకా లేని హక్కు మన కితాబుల్లో వందల ఏళ్ల ముందే ఉంది. గొప్పలకు పోవడానికి ఈ మాట చెప్పడం లేదు. పుస్తకంలో ఉన్న హక్కును మన మొహల్లాలో ఎంతమంది తల్లుల బిడ్డలకు ఇస్తున్నామో అడుగుకుంటే తల వంచుకోవలసిందే.

1947లో ఇంగ్లండు ఒక మంచి పని చేసింది. ‘చిన్న సర్టిఫికెట్’ అని కొత్త కాగితం తెచ్చింది. అందులో బిడ్డ పేరు, ఇంటిపేరు, ఆడా మగా, పుట్టిన తేదీ ఉంటాయి. తల్లిదండ్రుల ప్రస్తావనే ఉండదు. అసలు రిజిస్టరులో ఉన్నది అలాగే ఉంటుంది, దాన్ని ఎవరూ దిద్దరు. బడికి, ఉద్యోగానికి చూపించే కాగితం మీద మాత్రం ఆ గీత కనిపించదు. ఈ ఏర్పాటును మేము ఎంతో మెచ్చుకుంటాం. ఎందుకంటే మన ధర్మం కోరే రెండు సంగతులూ ఇందులో కలిశాయి. అబద్ధపు నసబ్ రాయకూడదన్నది ఒకటి. పర్దాపోషీ, అంటే సాటి మనిషి లోపాన్ని కప్పిపెట్టడం, రెండోది. ఒక చిక్కు లేకపోలేదు. ఆ చిన్న కాగితం అవసరం ఉన్నవారు మాత్రమే తీసుకుంటే, దాన్ని చూడగానే అనుమానం పుడుతుంది. అందరూ తీసుకున్నప్పుడే అది పర్దా అవుతుంది. పుట్టుకను బట్టి హక్కుల్లో ఉన్న తేడాలు చాలావరకు పోవడానికి 1987 చట్టం దాకా పట్టింది.

తల్లినే చెరిపేసిన రిజిస్టర్లూ ఉన్నాయి. లండన్ లో థామస్ కోరమ్ అనే దయగల నావికుడు 1739లో రాజుగారి అనుమతి పొంది అనాథ శిశువుల ఆశ్రమం స్థాపించాడు. 1741లో బిడ్డలను చేర్చుకోవడం మొదలైంది. చేరిన ప్రతి బిడ్డకూ అక్కడ కొత్త పేరు పెట్టేవారు. మొదట బాప్టిజం పొందిన ఇద్దరికి కోరమ్ గారి పేరు, ఆయన భార్య యూనిస్ పేరు పెట్టారు. తల్లి ఎప్పుడైనా తిరిగి వస్తే గుర్తుపట్టడానికి ఒక గుడ్డ పీలికో, నాణెమో బిడ్డ కాగితంతో పాటు దాచేవారు. ప్రాణాలు నిలిపిన పుణ్యం వారిది. కానీ బిడ్డకు తెలిసిన ఒక్క నసబ్ తల్లిది. దాన్ని కూడా తుడిచేయడం సరైనదని మేము అనుకోం.

మన సంప్రదాయం ఈ చిక్కును ఎలా చూసింది? హజ్రత్ జైద్ (రజి) దైవప్రవక్త (స) ఇంట పెరిగినందున జనం ఆయనను జైద్ బిన్ ముహమ్మద్ అని పిలిచేవారు. అహ్‌జాబ్ సూరాలో ఆజ్ఞ వచ్చిన తరువాత ఆయన తిరిగి జైద్ బిన్ హారిసా అయ్యారు. పెంచినవారి పట్ల ఎంత ప్రేమ ఉన్నా కన్నతండ్రి పేరు మార్చకూడదన్నమాట. ఆ మాట మన ఆలిములందరూ మింబర్ మీద చెబుతారు. అక్కడే ఉన్న రెండో సగాన్ని తక్కువగా చెబుతారు. తండ్రి ఎవరో తెలియని వారు మీకు ధర్మంలో సోదరులు, మీ ఆప్తులు అన్నది దాని భావం. తండ్రి తెలియని మనిషికి ఏ పేరుతో పిలుపు ఉండాలో కూడా అక్కడ చెప్పారు. తిట్టు కాదు, చుట్టరికం. మన వీధుల్లో కోపం వస్తే నోటికొచ్చే ఆ ఉర్దూ తిట్టును ఈ పేజీలో రాయం. అది ఎవరికి తగులుతుందో పలికేవారు ఆలోచించాలి.

ఫిఖ్హ్ కితాబుల్లో ‘లఖీత్’ అని ఒక అధ్యాయమే ఉంది. దారిన దొరికిన పసిబిడ్డ గురించి. ఛార్లెస్ హామిల్టన్ 1791లో హిదాయాను ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు ఆ అధ్యాయమూ లండన్ చేరింది. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో ఒకాయన దొరికిన బిడ్డను తీసుకువస్తే, ఈ బిడ్డ స్వతంత్రుడు, పోషణ ఖర్చు మాది అని ఖలీఫా తీర్పు చెప్పారు. తల్లి ఎవరు, ఎలా కన్నది అని ఊరంతా వెదికించలేదు. ఎవరైనా వచ్చి ఈ బిడ్డ నాదే అని ఒప్పుకుంటే ఆ మాట స్వీకరించాలని హనఫీ పెద్దలు అన్నారు, బిడ్డకు మేలు కనుక. మన దేశంలో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ గారి కుమారుడు జస్టిస్ సయ్యద్ మహమూద్ 1888లో అలహాబాదు హైకోర్టులో ఇచ్చిన ప్రసిద్ధ తీర్పు ఈ ‘ఇఖ్రార్’ గురించినదే. పెళ్లి జరిగిందో లేదో తేలని చోట తండ్రి ఒప్పుకోలు బిడ్డకు స్థానం ఇస్తుందని, పెళ్లి లేదని రుజువైన చోట మాత్రం అది పనిచేయదని ఆయన వివరించారు.

నేటి కాలంలో మొరాకో దేశం చేసిన ఏర్పాటు మన పాఠకులు తెలుసుకోదగినది. అక్కడ 2002లో వచ్చిన పౌర నమోదు చట్టం ప్రకారం, తండ్రి తెలియని బిడ్డను తల్లి నమోదు చేయించవచ్చు. తండ్రి పేరు గడిలో ‘అబ్ద్’ అనే మాట ఉన్న పేరు ఒకటి ఎంచుకుని రాయిస్తారు. అబ్దుల్లా, అబ్దుల్ కరీం వంటివి. అబ్ద్ అంటే దాసుడు, అల్లాహ్ దాసుడు. ఆ పేర్లు లక్షల ఇళ్లలో ఉన్నవే కనుక ఎవరూ వేలెత్తి చూపలేరు. ఇది అబద్ధపు నసబ్ కాదా అని మీరు అడుగుతారు. మాకూ ముందు ఆ సందేహమే వచ్చింది. కానీ ఆ పేరు చట్టప్రకారం ఎంచి పెట్టినదని జనన రిజిస్టరు అంచున రాసి ఉంచుతారు. అంటే నిజం రిజిస్టరులో భద్రం, బిడ్డ పరువు బయట భద్రం. ఇంగ్లండు చిన్న సర్టిఫికెట్ తో చేసినదాన్నే వీరు ఇంకో దారిలో చేశారు.

మన దేశానికి వస్తే, 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం కింద ఫారాలు నడుస్తున్నాయి. చాలాకాలం పాటు తండ్రి పేరు చెప్పని తల్లిని మున్సిపాలిటీ గుమాస్తాలు తిప్పించి పంపేవారు. 2015 జూలై 6న సుప్రీంకోర్టు ఈ పీడకు ఒక విరుగుడు చెప్పింది. ఆ కేసులో తల్లి పెళ్లి కాని క్రైస్తవ స్త్రీ. తన కొడుకును పొదుపు పథకాల్లో నామినీగా పెట్టబోతే తండ్రి పేరైనా చెప్పు, లేదా కోర్టు నుంచి సంరక్షకత్వ పత్రమైనా తే అన్నారు. తండ్రి ఎవరో చెప్పమని ఆమెను బలవంతపెట్టనక్కర లేదని న్యాయమూర్తులు విక్రమజిత్ సేన్, అభయ్ మనోహర్ సప్రే తీర్పు ఇచ్చారు. అంతేకాదు, అలాంటి తల్లి ఒక అఫిడవిట్ ఇస్తే చాలు, బర్త్ సర్టిఫికెట్ ఇచ్చి తీరాలని ఆదేశించారు. 2016 డిసెంబరులో పాస్‌పోర్టు నిబంధనలు మార్చి తల్లి పేరు ఒక్కటైనా సరిపోతుందన్నారు. 2022లో కేరళ హైకోర్టు ఇలాంటి ఒక కేసులో, పుట్టుక తెలియక అవమానాల పాలైన మహాభారతంలోని కర్ణుడిని తలచుకుని, అలాంటి కర్ణులు లేని సమాజం కావాలని కోరింది.

2023 అక్టోబరు 1 నుంచి 1969 చట్టానికి సవరణ అమల్లోకి వచ్చింది. జననాన్ని తెలియజేయవలసిన వారిలో ఒంటరి తల్లిని, పెళ్లి కాని తల్లిని కూడా చట్టం పేరుపెట్టి చేర్చింది. అది మంచిదే. దానితో పాటు ఆ తేదీ తరువాత పుట్టినవారికి బడిలో చేరడానికి, ఓటరు జాబితాకు, డ్రైవింగ్ లైసెన్సుకు, పెళ్లి నమోదుకు, సర్కారీ నౌకరీకి బర్త్ సర్టిఫికెట్టే ఆధారమైంది. అంటే అందులో ఏం రాసినా, ఏ గడి ఖాళీగా వదిలినా అది జీవితమంతా వెంట వస్తుంది. ఇంగ్లండువారు 1947లో ఆ కాగితాన్ని చిన్నది చేశారు. మనం దాన్ని ఇప్పుడు పెద్దది చేసుకుంటున్నాం.

మన తెలుగు నేలలో ఈ గడి ముందు నిలబడిపోయిన పిల్లలు తక్కువ కాదు. మహబూబ్‌నగర్, నిజామాబాద్ వైపు దళిత ఇళ్ల ఆడపిల్లలను జోగినులుగా దేవతకు వదిలే దురాచారం ఉండేది. 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దాన్ని నిషేధించింది. ఆ తల్లుల పిల్లలు బడికి వెళితే తండ్రి పేరేమిటి అన్న ప్రశ్న. ఊరికంతా తెలిసిన తండ్రి ఊళ్లోనే తలపాగా చుట్టుకుని తిరుగుతుంటాడు, రిజిస్టరులో మాత్రం ఉండడు. ఆ పిల్లలు మన మతం వారు కాకపోవచ్చు. వారికి చదువు చెప్పే మన ఉస్తాదులు మాత్రం చాలామంది ఉన్నారు.

మన ఇళ్లలో వేరే రకం ఉంది. దొరికిన బిడ్డనో, బంధువుల ఇంట పుట్టిన ‘చెప్పకూడని’ బిడ్డనో దయతో తెచ్చుకుని పెంచుతారు. అంతవరకు ఎంతో పుణ్యకార్యం. బడిలో చేర్చేటప్పుడు తమ పేరే తండ్రి పేరుగా రాస్తారు. బిడ్డకు పెళ్లీడు వచ్చాక సంబంధం మాట్లాడేటప్పుడో, ఆస్తి పంచుకునేటప్పుడో సంగతి బయటపడి ఇల్లు రెండుగా చీలుతుంది. ఇందుకు దారి లేకపోలేదు. 1890 నాటి సంరక్షకుల చట్టం కింద కోర్టులో సంరక్షకులుగా నమోదు కావచ్చు. ఫారంలో సంరక్షకుడు అని రాయవచ్చు. చట్టప్రకారం దత్తత తీసుకోవాలనుకునే వారికి ఏ మతం అడ్డురాదని సుప్రీంకోర్టు 2014 ఫిబ్రవరిలో చెప్పింది, అయితే అది ఇష్టమైనవారికే, బలవంతం లేదు. ఏ దారి ఎంచుకున్నా ముందు ఒక మంచి ఆలిమ్‌ను, ఒక మంచి వకీలును, ఇద్దరినీ అడగండి. ఒక్కరిని అడిగి ఊరుకోవద్దు.

ఇలా గడిని సడలిస్తే పాపానికి ద్వారం తెరిచినట్టే కదా అని ఒక మిత్రుడు మాతో గట్టిగా వాదించారు. ఆయన చిత్తశుద్ధిని మేము శంకించం. కానీ 1834లో లండన్ లో చట్టం చేసిన పెద్దలు అన్నమాటా సరిగ్గా అదే. ఇంకో సంగతి కూడా ఆయనకు చెప్పాం. ఆ గీత పడే చోటు ఎవరిదో చూడండి. అది తండ్రి గడి. అక్కడ ఉండవలసినవాడు తప్పించుకున్నాడు గనుకనే అది ఖాళీ. నలుగురూ వేలెత్తి చూపేది మాత్రం ఉన్న తల్లిని, నిలబడ్డ బిడ్డను. ఎందరు తల్లులు మాట తప్పినవాడి చేతిలో మోసపోయారో, ఎందరి మీద బలవంతం జరిగిందో ఏ రిజిస్టరులోనూ గడి లేదు. ఆయన కాసేపు ఊరుకుని, ‘సరే, ఏం చేయమంటారు?’ అన్నారు.

బడిలో పనిచేసే మన ఉస్తాదులకు, ఆపాలకు మేము చెప్పేది ఇది. హాజరు పిలిచేటప్పుడు పిల్లల పేర్లు చాలు, తండ్రి పేర్లతో కలిపి చదవనక్కర లేదు. తల్లి ఫారం దగ్గర ఆగిందంటే ఆమెను పక్కకు పిలిచి నెమ్మదిగా మాట్లాడండి, వరుసలో అందరి ముందు అడగవద్దు. తండ్రి గడిలో మేనమామ పేరో, తాత పేరో ఇరికించమని మీరు సలహా ఇవ్వకండి. తల్లి పేరు రాసి, మిగిలినది మౌనంగా వదిలేయండి. సర్టిఫికెట్ లేదంటే 2015 తీర్పు సంగతి చెప్పి, అఫిడవిట్ ఎక్కడ రాయించాలో చూపించండి. ఆ తల్లికి చాలాసార్లు తెలియనిది అదే.

షవ్వాల్‌లో మదర్సాలు తెరుస్తారు. ఆలోగా కొత్త రిజిస్టర్లు అచ్చుకు వెళతాయి. ఎన్నో ఏళ్లుగా ప్రెస్సువాడి దగ్గర ఉన్న పాత నమూనానే మళ్లీ వేయిస్తుంటాం. ఈసారి కమిటీ పెద్దలు ‘వల్దియత్’ పక్కన ‘వాలిదా కా నామ్’ అని, ఆ పక్కన ‘సర్‌పరస్త్’ అని ఇంకో రెండు గడులు చేర్పించాలని, ఈ మూడింటిలో ఏ ఒక్కటి నింపినా పిల్లను చేర్చుకోవచ్చునని కింద చిన్న అక్షరాల్లో వేయించాలని కోరుతున్నాం. ఫలానా మదర్సాలో అలా చేశారని తెలిస్తే ఆ నమూనాను తెప్పించుకుని మిగతావారికి పంపడానికి మేము సిద్ధంగా ఉన్నాం.